పంతొమ్మిదో ఎలక్ట్రాన్ దగ్గర ఆగిన అమ్మాయికి

రాజాం పక్క ఊరి నుంచి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి రెండు సందేహాలు అడిగింది. మొదటిది: "మూడో కర్పరంలో (షెల్‌లో) 18 ఎలక్ట్రాన్లు పడతాయని పుస్తకంలో ఉంది. ఆర్గాన్‌లో అక్కడ 8 మాత్రమే ఉన్నాయి. ఇంకా పది ఖాళీలు ఉండగా పొటాషియం తన పంతొమ్మిదో ఎలక్ట్రాన్‌ని నాలుగో కర్పరంలో ఎందుకు పెట్టుకుంది?" రెండోది: "ఆర్గాన్ పరమాణు భారం 39.95, పొటాషియంది 39.10. ఆవర్తన పట్టికలో బరువైనది ముందు, తేలికైనది వెనక ఎందుకుంది?" క్లాసులో అడిగితే రెండింటికీ 'అది మినహాయింపు, గుర్తుపెట్టుకో' అన్నారట. "బట్టీ పట్టేశాను మాస్టారూ, కానీ మనసు ఒప్పుకోవట్లేదు" అంది.

అమ్మా, నీ మనసు ఒప్పుకోలేదంటే తప్పు నీది కాదు. ఆ రెండూ మినహాయింపులు కానే కావు. రెండింటికీ కారణాలు ఉన్నాయి, ఇంటర్ పిల్లలకి అర్థమయ్యేవే. శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను. ఏటా ఎవరో ఒకరు సరిగ్గా ఈ చోటే ఆగేవారు. పద్దెనిమిది దాకా సాఫీగా నడిచిన లెక్క పంతొమ్మిది దగ్గర తేడా కొడుతుంది కదా. అక్కడ ఆగిన పిల్లల్ని నేనెప్పుడూ తొందరపెట్టలేదు. పొటాషియం ఒక్కటి బాగా ఒంటబడితే పట్టికలో మిగతాది చాలావరకు దానంతట అదే విడిపోతుంది. దాన్ని దాటేసి ముందుకి పోతే ఆ తర్వాత వచ్చే క్రోమియం, కాపర్, ఐరన్ అయాన్లు అన్నీ బట్టీయే అవుతాయి.

రెండో సందేహం ముందు తీసుకుందాం.

మెండలీవ్ 1869లో పట్టిక వేసేనాటికి పరమాణువు లోపల ఏముందో ఎవరికీ తెలీదు. థామ్సన్ ఎలక్ట్రాన్‌ని కనుక్కున్నదే 1897లో. మెండలీవ్ చేతిలో ఉన్నవి మూలకాల భారాలు, వాటి గుణాలు, అంతే. బరువు ప్రకారం వరస పెట్టుకుంటూ పోయి, గుణం కలవని చోట బరువుని పక్కనబెట్టి గుణాన్నే నమ్మాడు. టెల్లూరియం అయోడిన్ కంటే బరువు. అయినా అయోడిన్‌ని తీసుకెళ్లి క్లోరిన్, బ్రోమిన్‌ల కిందే కూర్చోబెట్టాడు. సరిపోయే మూలకం దొరకని చోట ఖాళీ వదిలాడు. అల్యూమినియం కింద వదిలిన ఖాళీలోకి 1875లో గాలియం వచ్చింది. దాన్ని కనుక్కున్న లెకోక్ ద బ్వాబోద్రాన్ సాంద్రత 4.7 అని కొలిచాడు. మెండలీవ్ ఆ లోహాన్ని కంటితో కూడా చూడలేదు. అయినా 5.9 దగ్గర ఉండాలి, శుద్ధి చేసి మళ్లీ కొలవమన్నాడు. మళ్లీ కొలిస్తే 5.9 వచ్చింది. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. (గాలియం 29.8 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన శ్రీకాకుళం ఎండాకాలంలో ల్యాబ్ బీరువాలో పెడితే సీసాలోనే ద్రవమైపోతుంది.)

అయితే బరువు తప్పితే మరి దేని ప్రకారం వరస? దీన్ని తేల్చింది మోస్లీ అనే కుర్రాడు, 1913లో. ఒక్కో మూలకం మీదికి ఎలక్ట్రాన్లు కొట్టి, దాని నుంచి వచ్చే ఎక్స్-కిరణాల పౌనఃపున్యం కొలిచాడు. ఆ పౌనఃపున్యాల వర్గమూలం తీసుకుంటే మూలకం నుంచి మూలకానికి ఒక్కో మెట్టు చొప్పున సమానంగా పెరిగింది. ఆ మెట్టు కేంద్రకంలో ఒక ప్రోటాన్. బరువు ప్రకారం చూస్తే నికెల్ ముందు, కోబాల్ట్ వెనక రావాలి. మోస్లీ మెట్ల ప్రకారం కోబాల్ట్ 27, నికెల్ 28. అప్పటి నుంచి పట్టికలో నంబరంటే ప్రోటాన్ల లెక్కే. ఆర్గాన్‌లో 18 ప్రోటాన్లు, పొటాషియంలో 19. అంతటితో వరస సంగతి తేలిపోయింది. మోస్లీ మాత్రం 1915లో గల్లిపోలి యుద్ధంలో 27 ఏళ్లకే చనిపోయాడు.

ఇక్కడ చాలా పుస్తకాలు ఆగిపోతాయి. నువ్వు ఆగకు. ఒక ప్రోటాన్ తక్కువున్న ఆర్గాన్‌కి అంత బరువు ఎక్కడి నుంచి వచ్చిందని అడుగు. బరువు పెంచేది న్యూట్రాన్లు. ప్రోటాన్లు అన్నే ఉండి న్యూట్రాన్లు వేరుగా ఉన్న పరమాణువుల్ని ఐసోటోపులంటాం. మన గాలిలో ఉన్న ఆర్గాన్‌లో 99.6 శాతం ఆర్గాన్-40, అంటే 18 ప్రోటాన్లు, 22 న్యూట్రాన్లు. పొటాషియంలో 93 శాతం పొటాషియం-39, మిగతాది దాదాపు అంతా పొటాషియం-41. వీటి మధ్య చిటికెడంత, 0.0117 శాతం, పొటాషియం-40 ఉంది. అది నిలకడలేనిది. దాని అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం మారిపోవడానికి పట్టే కాలం, 125 కోట్ల సంవత్సరాలు. ఎక్కువ భాగం కాల్షియం-40గా మారుతుంది, సుమారు పదో వంతు ఆర్గాన్-40గా మారుతుంది.

టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలు చూసే ఉంటావు. గ్రానైట్‌లో పొటాషియం ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది. భూమిలో ఇలాంటి రాళ్లు ఎన్ని ఉన్నాయో ఊహించుకో. వాటిలోని పొటాషియం-40 కోట్ల ఏళ్లుగా కొంచెం కొంచెంగా ఆర్గాన్ అవుతూ, రాయి కరిగినప్పుడో పగిలినప్పుడో గాలిలో కలుస్తూ వచ్చింది. మనం పీల్చే గాలిలో 0.93 శాతం ఉన్న ఆర్గాన్ దాదాపు అంతా అలా పుట్టిందే. సూర్యుడిలో అయితే ఎక్కువగా ఉండేది ఆర్గాన్-36, తర్వాత ఆర్గాన్-38. అక్కడి ఆర్గాన్ సగటు భారం 36 చిల్లర వస్తుంది, పొటాషియం కంటే తక్కువ. అంటే నీ రెండో సందేహం పుట్టింది భూమి మీద ఉన్నందుకే. ఆర్గాన్‌కి ఆ బరువు తెచ్చిపెట్టింది దాని పక్కింటి పొటాషియమే.

ఇప్పుడు అసలు సందేహానికి వద్దాం. ఇది కొంచెం నిదానంగా చదువు.

ముందు కళ్ల ముందు ఒక కొలత పెట్టుకో. విజయనగరం కోట ఒక్కో వైపు సుమారు 240 మీటర్లు. హైడ్రోజన్ పరమాణువుని ఆ కోటంత పెద్దది చేస్తే, దాని కేంద్రకం కోట నడుమ పెట్టిన ఒక మిరియపు గింజంత ఉంటుంది. పరమాణువు బరువంతా దాదాపు ఆ గింజలోనే. మిగిలిన కోటంతా ఎలక్ట్రాన్‌ది. బంగారు రేకు మీద ఆల్ఫా కణాలు కొట్టి చూసి రూథర్‌ఫర్డ్ 1911లో చెప్పింది ఇదే. నువ్వు పదో తరగతిలో గీసిన గుండ్రటి గీతలు 1913 నాటి బోర్ నమూనా. హైడ్రోజన్ వదిలే వెలుగు రంగుల లెక్క దానితో కచ్చితంగా వచ్చింది, దానికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ అదే బొమ్మ పట్టుకుని పొటాషియం దాకా వస్తే దారి తప్పుతాం. ఎలక్ట్రాన్ గీత మీద తిరగదు. అలలా వ్యాపించి ఉంటుంది. ఆ అల ఏ ఆకారాల్లో నిలబడగలదో వాటినే ఆర్బిటాల్స్ అంటాం. ఒక్కో ఆర్బిటాల్‌లో రెండు ఎలక్ట్రాన్లకి మించి పట్టవు. ఇది పౌలి 1925లో చెప్పిన నియమం.

ఎస్ ఆకారం ఒక రకంగానే నిలుస్తుంది, పి మూడు రకాలుగా, డి అయిదు రకాలుగా, ఎఫ్ ఏడు రకాలుగా. ఒక్కోదానిలో ఇద్దరేసి కాబట్టి 2, 6, 10, 14. మూడో కర్పరంలో 3ఎస్, 3పి, 3డి ఉంటాయి. 2, 6, 10 కలిపితే 18. పుస్తకంలో ఉన్న 18 ఇదే, అందులో తప్పులేదు. అది కర్పరంలో ఎంతమంది పడతారో చెప్తుంది. ఏ వరసలో నిండుతారో చెప్పదు. మనం ఈ రెండింటినీ కలిపేస్తాం. పుస్తకాలు కూడా వాటిని విడదీసి చెప్పవు.

హైడ్రోజన్‌లో ఒక్కటే ఎలక్ట్రాన్. అడ్డొచ్చేవాళ్లు ఎవరూ లేరు. అక్కడ 3ఎస్, 3పి, 3డి మూడింటి శక్తి దాదాపు ఒకటే. 4ఎస్ వాటికంటే పైన. ఎలక్ట్రాన్లు ఎక్కువయ్యేసరికి కథ మారుతుంది. లోపలున్న ఎలక్ట్రాన్లు కేంద్రకాన్ని కప్పేస్తాయి. పొటాషియం కేంద్రకంలో 19 ప్రోటాన్లు ఉన్నా, బయట నిలబడి చూసేవాడికి 18 ఎలక్ట్రాన్ల ముసుగు అడ్డొచ్చి, ఒక్క ప్రోటాన్ ఉన్నట్టే తోస్తుంది. ఆ ముసుగులోంచి ఎవరు లోపలికి దూరగలరో వాళ్లకే అసలు 19 ప్రోటాన్ల లాగుడు తగులుతుంది.

అరసవల్లి గుడి తలుచుకో. మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు ఉదయపు కిరణాలు ద్వారాలన్నీ దాటి గర్భగుడిలో స్వామి పాదాల మీద పడతాయి. 4ఎస్ అల అలాంటిది. అది ఎక్కువ సేపు బయట ప్రాకారం దగ్గరే ఉంటుంది, కానీ దానిలో కొంత భాగం ద్వారాలన్నీ దాటి గర్భగుడి దాకా వెళ్తుంది. ఎస్ ఆకారం ఒక్కదానికే కేంద్రకం ఉన్న చోట కూడా ఉనికి ఉంటుంది. 3డి అల ఎప్పుడూ ప్రదక్షిణలోనే ఉంటుంది, గర్భగుడి గడప తొక్కదు. దానికున్న కోణీయ ద్రవ్యవేగం దాన్ని లోపలికి రానివ్వదు. మూడు అనే నంబరు చూసి 3డి దగ్గరిది, నాలుగు చూసి 4ఎస్ దూరంది అనుకుంటాం. పొటాషియం దగ్గర మాత్రం లోపలికి పోగలిగేది 4ఎస్ ఒక్కటే.

పోలికలతో సరిపెట్టుకోవద్దు, అంకెలు చూడు. హైడ్రోజన్‌లో 4ఎస్‌లో ఉన్న ఎలక్ట్రాన్‌ని బయటికి లాగెయ్యాలంటే 0.85 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల శక్తిని కొలిచే ప్రమాణం) చాలు. పొటాషియంలో 4ఎస్ ఎలక్ట్రాన్‌ని లాగాలంటే 4.34 కావాలి. అయిదు రెట్లు. మరి 3డి? హైడ్రోజన్‌లో 1.51. పొటాషియం పరమాణువుకి శక్తినిచ్చి దాని చివరి ఎలక్ట్రాన్‌ని 3డిలోకి ఎక్కించి కొలిస్తే 1.67. దాదాపు ఏమీ మారలేదు! పొటాషియంలో 3డికి ఎక్కిన ఎలక్ట్రాన్‌కి, కేంద్రకంలో 19 ప్రోటాన్లు ఉన్న సంగతే తెలీదన్నమాట. అది హైడ్రోజన్ పక్కన ఉన్నట్టే ఉంటుంది. 4ఎస్‌కి, 3డికి మధ్య తేడా 2.67 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎలక్ట్రాన్ తక్కువ శక్తి ఉన్న చోటే కుదురుకుంటుంది కాబట్టి పంతొమ్మిదోది 4ఎస్‌లోకి వెళ్లింది. ఆర్గాన్ తర్వాత కొత్త వరస మొదలవడానికి కారణం ఇంతే. 'ఎనిమిదితో తృప్తి పడింది' అని చెప్పడం నాకు నచ్చదు. పరమాణువుకి తృప్తి, అసంతృప్తి ఉండవు. ఆ మాట చెప్పి మేం టీచర్లం చేతులు దులుపుకుంటాం, పిల్లలకి మాత్రం ఏమీ అర్థం కాదు.

ఇది కంటితో చూడొచ్చు కూడా. పొటాష్ ఎరువు తెలుసు కదా, వరికి వేస్తారు, ఎర్రటి ఉప్పురవ్వలా ఉంటుంది. అది మ్యూరేట్ ఆఫ్ పొటాష్, అంటే పొటాషియం క్లోరైడ్. మా ల్యాబ్‌లో జ్వాలా పరీక్షకి సీసాలోని రసాయనంతో పాటు ఈ ఎరువు చిటికెడు తెప్పించేవాణ్ని. ప్లాటినం తీగని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, ఎరువులో అద్ది, బర్నర్ మంటలో పెడితే ముందు కనిపించేది పసుపు. పిల్లలు "తప్పొచ్చింది మాస్టారూ" అనేవారు. తప్పు కాదు. ఎరువులో కొద్దిగా ఉన్న సోడియం మిగతా రంగుని మింగేస్తుంది. ఇంట్లో గంజి పొంగి స్టవ్ మీద పడ్డప్పుడు నీలం మంట ఒక్కసారిగా పసుపుగా మారేది కూడా ఆ సోడియం వల్లే. నౌపడ ఉప్పయినా, ప్యాకెట్ ఉప్పయినా అదే పసుపు, 589 నానోమీటర్ల దగ్గర. అప్పుడు నీలం కోబాల్ట్ గాజుముక్క కళ్లకి అడ్డం పెట్టుకోమనేవాణ్ని. గాజు పసుపుని ఆపేస్తుంది. దాని వెనక నుంచి లేత ఊదారంగు మంట ఒకటి, వణుకుతూ, వంగపువ్వు రంగులో బయటపడుతుంది. క్లాసులో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆ వెలుగు పొటాషియం పంతొమ్మిదో ఎలక్ట్రాన్‌ది. మంట వేడికి అది పైకెక్కి, మళ్లీ తన చోటుకి దిగుతూ వెలుగు వదులుతుంది. 4పి నుంచి దిగితే 766, 770 నానోమీటర్ల ముదురు ఎరుపు. 5పి నుంచి దిగితే 404 నానోమీటర్ల ఊదా. ఏ మెట్టు నుంచి దిగినా చివరికి చేరేది 4ఎస్‌కే. ఇల్లు అక్కడుంది కాబట్టి.

ఇప్పుడు నువ్వు అడగని ప్రశ్న ఒకటి నేనే అడుగుతాను. 4ఎస్ అంత కింద ఉంటే, ఐరన్ ఎలక్ట్రాన్లు వదిలి అయాన్ అయ్యేటప్పుడు 4ఎస్ ఎలక్ట్రాన్లే ముందు ఎందుకు పోతాయి? ఆఖర్న వచ్చినవి 3డివి కదా, అవి కదా ముందు పోవాలి? నా చేతి మీదుగా వెళ్లిన జవాబు పత్రాల్లో ఎక్కువ మార్కులు పోయింది ఇక్కడే. ఫెర్రస్ అయాన్‌కి, అంటే రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఐరన్‌కి, 3డి4 4ఎస్2 (3డిలో నాలుగు, 4ఎస్‌లో రెండు) అని రాసేస్తారు. సరైనది 3డి6.

దీనికి జవాబు పంతొమ్మిది ఎలక్ట్రాన్లున్న మూడింటిని పక్కపక్కన పెడితే దొరుకుతుంది. పొటాషియం పరమాణువు, ఒక ఎలక్ట్రాన్ పోయిన కాల్షియం, రెండు పోయిన స్కాండియం. మూడింటిలోనూ ఎలక్ట్రాన్లు 19. ప్రోటాన్లు మాత్రం 19, 20, 21. పొటాషియంలో 3డి, 4ఎస్ కంటే 2.67 ఎలక్ట్రాన్ వోల్టులు పైన. కాల్షియం అయాన్‌లో 1.69 పైన. స్కాండియం అయాన్‌కి వచ్చేసరికి 3డి కిందికి దిగిపోయింది, అదీ 3.17 కింద! రెండే రెండు ప్రోటాన్లు పెరిగాయి. కేంద్రకం లాగుడు పెరిగేసరికి 3డి అల ముడుచుకుని లోపలి గుంపులో కలిసిపోయింది. ప్రాకారంలో తిరుగుతున్నది ఇప్పుడు లోపలి మండపంలోకి వచ్చిందనుకో.

కాబట్టి 4ఎస్ ఎప్పుడూ 3డి కంటే కిందే అనే మాట పొటాషియం, కాల్షియంల వరకే నిజం. స్కాండియం నుంచి 3డి లోపలిది, 4ఎస్ బయటిది. మరి స్కాండియం పరమాణువు మూడు ఎలక్ట్రాన్లనీ 3డిలోనే ఎందుకు పెట్టుకోదు? ఇరుకు. 3డి చిన్న చోటు, అక్కడ చేరిన ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి గట్టిగా నెట్టుకుంటాయి. ఇద్దరు బయట 4ఎస్‌లో విశాలంగా ఉంటే మొత్తం మీద శక్తి తక్కువవుతుంది. ఎవరైనా ఎలక్ట్రాన్‌ని లాక్కుపోవడానికి వస్తే ముందు దొరికేది బయట కూర్చున్న 4ఎస్‌దే. ఏ ఆర్బిటాల్ తర్వాత ఏది నిండుతుందో చెప్పే, నువ్వు నేర్చుకున్న ఆఫ్‌బౌ వరస చివరికి ఎవరెక్కడున్నారో గుర్తుపెట్టుకోవడానికి మంచి తాడు. ఒక్కొక్కరు వరసగా వచ్చి కూర్చున్న చరిత్ర అనుకుంటేనే చిక్కు.

ఈ 3డి ఎలక్ట్రాన్ల పనితనం చూడాలంటే మన జిల్లాలోనే చూడొచ్చు. గరివిడి, చీపురుపల్లి వైపు నల్లటి మాంగనీసు ఖనిజం గనులున్నాయి. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే విజయనగరం ప్రాంతంలో, 1890ల తొలి ఏళ్లలో. అక్కడి కోడూరు గని దగ్గర దొరికిన ఒక రాయికి ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కోడురైట్ అని ఊరి పేరే పెట్టాడు. పొటాష్ ఫెల్డ్‌స్పార్, మాంగనీసు ఉన్న గార్నెట్, అపటైట్ కలిసిన రాయి అది. మనం ఇంతసేపూ మాట్లాడుకుంటున్న పొటాషియం, ఇప్పుడు మాట్లాడబోయే మాంగనీసు, రెండూ ఒక్క రాతిలో.

మాంగనీసు నంబరు 25. బయట 3డి5 4ఎస్2, మొత్తం ఏడు. పొటాషియం ఒక్క ఎలక్ట్రాన్ వదిలి, లోపల ఆర్గాన్ లాంటి నిండు గుంపు తగలగానే ఆగిపోతుంది. రెండోది లాగాలంటే మొదటిదానికి ఏడు రెట్ల పైన శక్తి కావాలి. మాంగనీసుకి అలాంటి గోడ లేదు. 4ఎస్, 3డి శక్తులు దగ్గర దగ్గరగా ఉండబట్టి రెండు దగ్గర ఆగగలదు, నాలుగు దగ్గర ఆగగలదు, ఏడూ వాడగలదు. ఊళ్లో బావిలో పర్మాంగనేట్ వెయ్యడం చూశావా? ముదురు ఊదా పలుకులు నీళ్లలో పడగానే దారాల్లా జారుతూ కిందికి దిగుతాయి. అది ఏడు ఎలక్ట్రాన్లూ వాడేసిన, అంటే ప్లస్ ఏడు స్థితిలో ఉన్న మాంగనీసు. నీళ్లలోని మురికిని ఆక్సీకరణం చేసి తను ఎలక్ట్రాన్లు తీసుకుని కాసేపటికి గోధుమరంగు మడ్డిగా మారుతుంది. అది ప్లస్ నాలుగు, మాంగనీస్ డయాక్సైడ్. పాత టార్చిలైటు సెల్ పగలగొడితే చేతికంటే నల్లపొడిలో ఉండేది కూడా అదే. సెకండ్ ఇయర్‌లో ఆక్జాలిక్ ఆమ్లంతో అనుమాపనం (టైట్రేషన్) చేసేటప్పుడు అదే పర్మాంగనేట్ చుక్క పడగానే రంగు పోయి నీళ్లలా తేలిపోతుంది. అక్కడ ప్లస్ రెండు దాకా దిగింది. ఒకే మూలకం, మూడు రంగులు. దిగినప్పుడల్లా మారినవి 3డిలో ఉన్న ఎలక్ట్రాన్ల లెక్క.

క్రోమియం గురించి ఒక్క మాట. 3డి5 4ఎస్1 అని, సగం నిండితే స్థిరత్వం అని రాస్తారు. పరీక్షలో అలాగే రాయి, మార్కులొస్తాయి. కానీ దాన్ని చట్టంలా తీసుకోకు. పట్టికలో క్రోమియం గ్రూపులోనే కింద ఉన్న టంగ్‌స్టన్ 5డి4 6ఎస్2. సగం నింపుకునే అవకాశం దానికీ ఉంది, నింపుకోలేదు. నయోబియంలో 4డి4 5ఎస్1, సగమూ కాదు, నిండూ కాదు. 3డి, 4ఎస్ శక్తులు ఎంత దగ్గరున్నాయి, ఎలక్ట్రాన్లు ఎంత నెట్టుకుంటున్నాయి, ఒకే దిశ స్పిన్ ఉన్నవి కలిసుంటే శక్తి ఎంత తగ్గుతుంది, ఈ మూడూ కలిసి తేల్చే లెక్క అది. ఒక్కో మూలకంలో ఒక్కోలా తేలుతుంది.

పరీక్షలో పొటాషియం ప్రశ్న వస్తే నాలుగు వాక్యాలు చాలు. 3డి కంటే 4ఎస్‌కి చొచ్చుకుపోయే శక్తి ఎక్కువ. అందువల్ల 4ఎస్ ఎలక్ట్రాన్‌పై పరిరక్షక ప్రభావం (మనం ముసుగు అన్నది) తక్కువ, దానిపై పనిచేసే కేంద్రక ఆవేశం ఎక్కువ. పొటాషియంలో 4ఎస్ శక్తి 3డి కంటే తక్కువ. కాబట్టి పంతొమ్మిదో ఎలక్ట్రాన్ 4ఎస్‌లో చేరి నాలుగో పీరియడ్ (పట్టికలో నాలుగో అడ్డ వరస) మొదలవుతుంది. ఆర్గాన్, పొటాషియం వరస అడిగితే పరమాణు సంఖ్య పేరు చెప్పి, ఐసోటోపుల సంగతి ఒక వాక్యం రాయి.

నీకు ఒక పని. నాలుగో కర్పరంలో 32 పడతాయి, క్రిప్టాన్‌లో అక్కడ ఉన్నవి 8. 4డి, 4ఎఫ్ రెండూ ఖాళీ. పుస్తకం మూసేసి, రుబీడియంలో 37వ ఎలక్ట్రాన్ ఎక్కడికి పోతుందో, ఇట్రియంలో 39వది ఎక్కడికి పోతుందో, 4ఎఫ్ ఎందుకు అన్నిటికంటే ఆలస్యంగా నిండుతుందో ఇదే పద్ధతిలో ఆలోచించి రాయి. రాసినది నాకు పంపు, చూసి చెప్తాను.